కుమిహిమో అల్లిక: చేతికి పని, పుస్తకానికి లెక్క

(మన సంఘ వార్షిక సమావేశం సందర్భంగా పెదకాకానిలో జరిగిన మహిళా సదస్సులో ఒక కుట్టుపని ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఇంటిపట్టున ఉండి ఆడవాళ్లు చేసుకోదగిన ఒక కొత్త చేతిపని గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు నన్ను ఆజ్ఞాపించారు. నేను ఉపన్యాసకురాలిని కాను. కుట్టుమిషను ముందు కూర్చుని పిల్లలకు కొలతలు చెప్పేదాన్ని. కనుక నా మాటలు కూడా కొలతలూ, దారాలూ, పైసలూ చుట్టూనే తిరుగుతాయి. దయచేసి మన్నించి వినాలని మనవి.

నేను ఎన్నుకున్న పని పేరు కుమిహిమో. జపాను దేశపు మాట. ‘కుమి’ అంటే పాయలను కలిపి అల్లడం, ‘హిమో’ అంటే తాడు. రెండూ కలిస్తే అల్లిక తాడు అని అర్థం. 2016లో జపాను నుంచి వచ్చిన ‘యువర్ నేమ్’ అనే బొమ్మల సినిమా చూసిన పిల్లలుంటే, అందులో నాయిక జడకు కట్టుకున్న ఎర్రతాడు గుర్తుండే ఉంటుంది. అదే ఇది. ఈ తాడుతో మెడలో హారాలు, చేతి పట్టీలు, సంచుల పిడులు, కుచ్చులు, తెరలకు కట్టే అలంకారపు తాళ్లు ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు.

“ఎక్కడి జపాను, ఎక్కడి పెదకాకాని? మనకెందుకమ్మా ఇది?” అని ఒకరిద్దరు పెద్దమ్మలు అప్పుడే గుసగుసలాడుతున్నారు. వినబడింది. అందుకే ముందు దానికే జవాబు చెబుతాను.

తాడు మనకు కొత్త సంగతా? గోగునార తడిపి, తొడమీద వేసి పేనడం మన పల్లెల్లో పాతతరం వాళ్లందరికీ తెలుసు. నులక మంచానికి నులక, పట్టె మంచానికి నవారు, బావికి చేంతాడు, పశువుకు పలుపు. పిల్లాడికి మొలతాడు, తాయెత్తుకు నల్లదారం, పైజామాకు నాడా, తస్బీహ్ చివర కుచ్చు, పెళ్లికూతురి జడకు జడకుచ్చులు. మన పెళ్లిళ్లలో వధువు మెడలో వేసే నల్లపూసల లచ్ఛా చూడండి. పూసలు ఎంత ఖరీదైనవైనా, వాటిని పట్టి ఉంచేది దారమే. నగలను పట్టుదారంతో, జరీతో గుచ్చి, వెనక కట్టుకునే తాడు తయారుచేసి, చివర కుచ్చు పెట్టి ఇచ్చే పనివాళ్లను ఉత్తరాదిలోనూ దక్కనులోనూ పట్వాలు అంటారు. బంగారం కంసాలిది, ఆ బంగారాన్ని మెడలో నిలబెట్టే తాడు పట్వాది. ఆ పని కూడా కుమిహిమోకు చుట్టరికం ఉన్నదే.

ఇక్కడ మూడు మాటలు వేరు చేసి చెప్పాలి. పేనడం, నేయడం, అల్లడం. నార పాయలకు పురి ఎక్కించి ఒకదానికొకటి మెలివేస్తే పేనడం. కొస వదిలేస్తే పురి విడిపోతుంది. పడుగు మీద పేకను అడ్డంగా నడిపిస్తే నేయడం. నవారు, చీర అట్లా వచ్చినవే. ఇక పాయలన్నీ ఒకే వైపు నుంచి బయలుదేరి, ఒకదానిమీదుగా ఒకటి ఏటవాలుగా దాటుకుంటూ పోతే అల్లడం. మూడు పాయల జడ అల్లిక. కుమిహిమో కూడా అల్లికే, కాకపోతే మూడు పాయలకు బదులు ఎనిమిది, పదహారు, ఇంకా ఎక్కువ. ప్రతి పాయ ఒకసారి పైన, ఒకసారి కింద నడుస్తుంది కాబట్టి బరువు అన్ని పాయలూ పంచుకుంటాయి. ఒక దారం తెగినా తాడంతా ఒక్కసారిగా ఊడిపోదు. కాబట్టి, కూతురి తల దువ్వి జడ వేసిన ప్రతి తల్లికీ ఈ విద్యలో సగం వచ్చినట్టే లెక్క.

జపానులో ఈ విద్య ఎట్లా నడిచిందో కొంచెం చెబుతాను. ఎందుకంటే ఆ కథలో మనకు పనికొచ్చే నీతి ఒకటుంది.

చైనా, కొరియాల మీదుగా బౌద్ధమతంతో పాటు ఈ అల్లిక జపానుకు చేరింది. నారా పట్టణంలో షోసోయిన్ అనే పాత భాండాగారం ఉంది. 756లో ఒక చక్రవర్తి మరణించిన తర్వాత ఆయన రాణి సమర్పించిన వస్తువులతో మొదలైనది. అక్కడ భద్రపరచిన వాటిలో ఆనాటి అల్లిక తాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పన్నెండు వందల ఏళ్లకు పైబడిన పట్టుతాడు! తరువాతి కాలంలో అక్కడి యోధులు తొడిగే కవచాలకు ఈ తాళ్లు కావలసి వచ్చినాయి. ఆ కవచం మనం బొమ్మల్లో చూసే ఒకే ఇనుపరేకు కాదు. చిన్న చిన్న పలకలను వరుసలుగా తాళ్లతో కట్టి చేసేది. ఒక్కొక్క కవచానికి వందల గజాల తాడు పట్టేది. కత్తి ఒరను నడుముకు కట్టుకునేందుకూ ఇదే తాడు. అంటే వేలాది కుటుంబాలకు కత్తులూ కవచాలే అన్నం పెట్టాయి.

1876లో జపాను ప్రభుత్వం ఒక శాసనం చేసింది. సైనికులు, పోలీసులు వంటివారు తప్ప మిగతావారెవ్వరూ బహిరంగంగా కత్తి ధరించి తిరగరాదని. ఒక్క ఉత్తరువుతో కత్తితాడు అల్లేవారి పని పడిపోయింది. అప్పుడు ఏం చేశారు? ఆడవాళ్లు కిమోనో మీద నడుముకు కట్టుకునే వెడల్పు పట్టీ ఒకటుంది, దాన్ని ఓబీ అంటారు. ఆ పట్టీ జారకుండా పైన కట్టే సన్నతాడును ఓబీజిమే అంటారు. అంతకు కొన్ని దశాబ్దాల ముందు నుంచే అది వాడుకలోకి వచ్చి ఉంది. అల్లికవాళ్లు ఆ ఆడవాళ్ల తాడు వైపు తిరిగారు. చేతులు అవే, పీటలు అవే, దారం అదే. కొనేవాళ్లు మారారు. 1902లో హిరోసావా తోకుసబురో అనే ఆయన టోక్యోలో ఈ పని నేర్చుకుని తన ఊరు ఇగాకు తీసుకుపోయి అక్కడ పని మొదలుపెట్టాడు. ఇగా అల్లికను, క్యోటో అల్లికను 1976లో జపాను ప్రభుత్వం సంప్రదాయ చేతిపనులుగా గుర్తించింది. కత్తి పోయిన సరిగ్గా నూరేళ్లకు!

ఇది విన్నప్పుడు నాకు మన దూదేకుల కుటుంబాలు గుర్తుకొస్తాయి. నూర్‌బాషాలని పిలుచుకున్నా, పింజారీలని పిలిచినా వృత్తి ఒకటే. ఈ గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో పండిన పత్తిని విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి ఏకి, పరుపులూ దిండ్లూ బొంతలూ కుట్టి పెట్టిన వాళ్లు. మగవాళ్లు దూది ఏకితే ఆడవాళ్లు కుట్టారు. జిన్నింగు మిల్లులు వచ్చాయి, దూది ఏకే యంత్రాలు వచ్చాయి, ఆ తర్వాత ఫోము పరుపులు వచ్చాయి. విల్లు అటక ఎక్కింది. మన దగ్గర కూడా పని పడిపోయింది. జపాను వాళ్లకు ఓబీజిమే దొరికినట్టు మన ఆడవాళ్లకు మరొక తాడు దొరకలేదు. చాలామంది మిరపకాయల తొడిమలు తీసే పనికో, పత్తి తీతకో పోతున్నారు. ఆ పనిలో గౌరవం లేదని నేననడం లేదు. కష్టపడి తినే ప్రతి ముద్దా గౌరవమైనదే. కానీ ఘాటుకు దగ్గుతూ, ఎండకు ఎండుతూ చేసే ఆ పని అందరి ఒంటికీ సరిపడదు. బాలింతలు ఉంటారు, కళ్లు మసకబారిన వాళ్లుంటారు, ఇంటర్మీడియెట్ చదివి పెళ్లి వరకు ఇంట్లో ఉండే ఆడపిల్లలుంటారు. వాళ్ల కోసమే ఈ ప్రస్తావన.

ఇక పని ఎట్లా నేర్చుకోవాలో చెబుతాను. జపాను వాళ్లు దీనికి ఒక కొయ్య పీట వాడతారు. గుండ్రంగా, మధ్యలో బొక్కతో, నాలుగు కాళ్ల మీద నిలబడుతుంది. దాని పేరు మారుదై. దారాలు బరువుగా ఉండే కొయ్య కండెలకు చుట్టి పీట చుట్టూ వేలాడదీస్తారు. అల్లిన తాడు మధ్య బొక్కలోంచి కిందికి దిగుతుంది, దాని చివర ఒక బరువు కడతారు. కండెలన్నిటి బరువులో సుమారు సగం బరువు ఉంటే తాడు సమంగా వస్తుంది. బరువు తగ్గితే అల్లిక గట్టిపడి బిగుసుకుంటుంది, పెరిగితే వదులవుతుంది.

మనకు మొదట్లో ఆ పీట అక్కరలేదు. చేతిలో ఇమిడే ఫోము బిళ్ల చాలు. అంచున 32 గాట్లు ఉంటాయి. అది కొనకపోయినా ఫర్వాలేదు. మందపాటి అట్టలు రెండు అతికి, జానెడు లోపు గుండ్రంగా కత్తిరించండి. అంతే కొలత కాగితం గుండ్రంగా కత్తిరించి, సగానికి ఐదుసార్లు మడవండి. విప్పితే 32 భాగాలు కనబడతాయి. ఆ గీతల ప్రకారం అట్ట అంచున గాట్లు పెట్టండి. మధ్యలో రూపాయి బిళ్ల పట్టేంత బొక్క. అయిపోయింది మీ యంత్రం. కరెంటు అక్కరలేదు, చప్పుడు లేదు, పక్క మీద నిద్రపోతున్న పసిబిడ్డ లేవదు.

ఎనిమిది దారాలు తీసుకోండి. తయారైన తాడు ఎంత పొడవు కావాలో దానికి సుమారు మూడింతలు దారం కోయాలి. పద్ధెనిమిది అంగుళాల హారానికి ఒక్కొక్క దారం ఒకటిన్నర గజం, ముడులకు జానెడు అదనం. ఎనిమిదింటినీ ఒక చివర కలిపి ముడివేసి, ఆ ముడిని బొక్కలోంచి కిందికి వదిలి, దానికి చిన్న బరువు కట్టండి. పొడుగు దారాలను అట్టముక్కలకు చుట్టుకుంటే చిక్కుపడవు. ఇప్పుడు బిళ్లను గడియారం అనుకోండి. పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది గంటల దగ్గర ఒక్కొక్క జత.

పన్నెండు దగ్గరున్న జతలో కుడిదారాన్ని తీసి కిందికి తెచ్చి, ఆరు దగ్గరున్న జతకు కుడిపక్క గాటులో పెట్టండి. కింద మూడయినాయి కదా, ఆ మూడిట్లో ఎడమ చివరిదాన్ని పైకి తీసుకుపోయి, పైన మిగిలిన ఒంటి దారానికి ఎడమపక్క పెట్టండి. మళ్లీ పైనా కిందా జతలే. ఇప్పుడు మూడు గంటల దగ్గరి జత పన్నెండు దగ్గరకు వచ్చేట్టు బిళ్లను పావు చుట్టు తిప్పండి. మళ్లీ అదే. ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. అంతే పాఠం. కుడిది కిందికి, ఎడమది పైకి, పావు చుట్టు. చిన్నపిల్లలు పాటలాగా పాడుకుంటూ చేస్తారు.

ఇక్కడ ఇంట్లో పనిచేసే ఆడదానికి ఎంతో అవసరమైన కిటుకు ఒకటుంది. అల్లుతూ ఉండగా పాలు పొంగుతాయి, బిడ్డ ఏడుస్తుంది, ఎవరో తలుపు తడతారు. లేచి వెళ్లేటప్పుడు జతలు సరిచేసి వెళ్లకండి. ఒకవైపు మూడు దారాలు ఉండగానే బిళ్ల పక్కన పెట్టి లేవండి. తిరిగి వచ్చాక మూడు ఉన్న వైపు చూస్తే ఎక్కడ ఆగామో తెలిసిపోతుంది. అన్నీ జతలుగా వదిలేస్తే ఎటు తిప్పాలో తెలియక తప్పు పడుతుంది. ఆ తప్పు తాడులో ముడతలాగా కనబడుతుంది. అప్పుడు ఆ దారాలను వచ్చిన దారినే ఒక్కొక్కటిగా వెనక్కు నడిపించి విప్పుకోవాలి తప్ప లాగకూడదు.

మరీ చిన్నపిల్లలకైతే ఇంకా తేలిక పద్ధతి ఉంది. ఎనిమిది గాట్ల అట్ట, ఏడు దారాలు. ఒక గాటు ఖాళీ. ఖాళీ గాటు నుంచి ఒకే వైపు లెక్కపెట్టి మూడో దారాన్ని తీసి, రెండు దారాల మీదుగా దాటించి ఖాళీలో పెట్టాలి. కొత్త ఖాళీ నుంచి మళ్లీ మూడు లెక్క. పదేళ్ల పిల్ల ఒక పూటలో నేర్చుకుంటుంది.

రంగుల సంగతి. మెలిక చార రావాలన్నా, చుక్కలు రావాలన్నా చేతి పద్ధతి మారదు. మొదట్లో ఏ రంగు ఏ గాటులో పెట్టామనేదే అంతా. అందుకని ప్రతి తాడుకూ ఒక కాగితం మీద గుండ్రం గీసి, ఏ గాటులో ఏ రంగో రాసిపెట్టుకోవాలి. ఈ కాగితమే మీ ఆస్తి. రేపు ఎవరైనా “అచ్చం ఇట్లాంటిదే ఇంకో ఇరవై కావాలి” అంటే అదే చూపిస్తుంది.

పూసలు పెట్టాలంటే ముందే దారాలకు గుచ్చుకుని ఉంచాలి. దారం దాటించే ప్రతిసారీ ఒక పూసను మధ్యకు జార్చి, దానికి అడ్డంగా ఉన్న దారం కిందికి నెట్టాలి. ఆ అడ్డదారం పూసను పట్టి ఉంచుతుంది. పూస ఎగిరి పైకి వచ్చిందంటే దారం కిందికి దూరలేదన్నమాట. పూసలన్నీ ఒకే సైజువి ఏరుకోకపోతే తాడు పాము మింగినట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. తాడు పూర్తయ్యాక బిళ్ల మీంచి తీసేముందే చివర గట్టిదారంతో నాలుగైదు చుట్లు బిగించి కట్టి, కొంచెం జిగురు పెట్టి, ఆరిన తర్వాతే కత్తెర వేయాలి. ముందు కోస్తే గంట కష్టం నిమిషంలో విడిపోతుంది. ఆ పైన లోహపు టోపీ, కొక్కెం అమరుస్తారు.

సరుకు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. మగ్గాల మంగళగిరి మనకు పొరుగే. నూలు, జరీ అక్కడ తెలియని వారుండరు. పట్టులాగా మెరిసే రేయాన్ తాళ్లు, నైలాన్ దారం, కుట్టుపని దారపు ఉండలు గుంటూరు దుకాణాల్లో దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లు ముందు లావుపాటి దారంతో, రెండు రంగులతో మొదలుపెట్టాలి. పట్టు చివరకు. కొయ్యపూసలు కావాలంటే మన రాష్ట్రంలోనే ఏటికొప్పాక ఉంది. లక్కతో రంగులద్దిన కొయ్యపని అక్కడి పేరు. జపాను అల్లికలో ఏటికొప్పాక కొయ్యపూస కూర్చి, మంగళగిరి నూలుతో హారం చేస్తే అది ఎవరి నకలూ కాదు, మన ప్రాంతపు వస్తువే అవుతుంది. లచ్ఛాకు వెనకతాడు, జాకెట్టు వెనక కట్టుకునే డోరీలు, తస్బీహ్ కుచ్చు, కళ్లజోడు తాడు, జడకుచ్చులు, సంచి పిడి. ముందు మన పెళ్లిళ్లకూ మన ఇళ్లకూ అవసరమైనవే చేద్దాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఇంతవరకు చెప్పింది చేతికి సంబంధించినది. ఇకపై చెప్పేది లెక్కకు సంబంధించినది. నా దృష్టిలో ఇదే ముఖ్యం.

గోదావరి జిల్లాల్లో నరసాపురం లేసు అందరికీ తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి చేరిన కొక్కీసూది పని. అదీ పరాయి దేశపు విద్యే. మన తెలుగు ఆడవాళ్లు దాన్ని ఎంత చక్కగా నేర్చారంటే దేశదేశాలకు ఎగుమతి అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎంతో గర్వపడవలసిన విషయం. కానీ దాని వెనక ఇంకో ముఖం ఉంది. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ పల్లెల్లో తిరిగి, లేసు అల్లే ఆడవాళ్ల గురించి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె చూసిందేమిటి? పొద్దస్తమానం ఇంటిపనీ, అల్లికపనీ కలిపి చేస్తున్న ఆడవాళ్లకు పొలం కూలీ కన్నా తక్కువ గిట్టుబాటవుతోంది. పువ్వు అల్లేవారు ఒకరు, అతికేవారు మరొకరు. పూర్తి వస్తువు ధర ఎవరికీ తెలియదు. దారం ఇచ్చేదీ, సరుకు తీసుకుపోయేదీ మధ్యవర్తి. అన్నిటికీ మించి, వాళ్లు చేసేది పనే కాదని అందరూ అనుకున్నారు. ‘ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునేది’ అన్నారు. ఖాళీ అన్న ఆ ఒక్క మాటతో కూలీ కోత పడింది.

అమ్మలారా, ఈ మాట మనింట్లోనూ వినబడుతుంది. “ఏముందిలే, ఊరికే కూర్చుని దారాలు తిప్పుతోంది” అని అత్తగారంటారు. “టైమ్‌పాస్‌కి చేసుకుంటోందండీ” అని మనాయనే బయట చెబుతారు. చివరకు మనమే, కొనడానికి వచ్చినవాళ్లతో, “మీరెంతిస్తే అంత ఇవ్వండి వదినా, ఖాళీగా ఉండి చేసిందేగా” అంటాం. అదిగో, అక్కడే ఆగాలి.

ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. ఇవి అనుకున్న అంకెలు మాత్రమే, మీ ధరలు మీరు వేసుకోండి. ఒక పూసల హారానికి దారం 30 రూపాయలు, పూసలు 40, కొక్కెం టోపీలు 20 అనుకుందాం. సరుకు 90 రూపాయలయింది. దారాలు కోసి, పూసలు గుచ్చి, అల్లి, చివర కట్టేసరికి మూడు గంటలు పట్టిందనుకుందాం. గంటకు కనీసం 50 రూపాయలు వేసుకుంటే కూలీ 150. మొత్తం 240. తెగిన దారం, పాడైన తాడు, రానూపోనూ ఛార్జీల కింద పదో వంతు, అంటే 24 రూపాయలు. వెరసి 264. దీనికి కింద అమ్మితే మీ కూలీలోంచి కొనేవాళ్లకు దానం ఇచ్చినట్టే. దానం ఇష్టమైతే ఇవ్వండి, అది పుణ్యం. కానీ దానం అని తెలిసి ఇవ్వాలి, బేరం అనుకుని ఇవ్వకూడదు.

“మిషను తాడు బజార్లో గజం ఇంతకే వస్తుంటే నీ 264 ఎవరిస్తారు?” అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. మిషను తాడుతో ధరలో పోటీపడితే మనం ఓడిపోతాం, అందులో సందేహం లేదు. జపానులో కూడా అల్లిక యంత్రాలు వచ్చి నూరేళ్లు దాటింది, అయినా చేతితాడు బతికే ఉంది. కారణం ఏమంటే, యంత్రం ఒకే రకం తాడు వేల గజాలు తీస్తుంది. ఒక్క పెళ్లికూతురి చీర రంగుకు సరిపడా, ఆమె మెడ కొలతకు, ఆమె పూసలతో, ఒక్క హారం చేయడం యంత్రానికి గిట్టదు. మనకు గిట్టుతుంది. కాబట్టి గజాల లెక్కన తాడు అమ్మకూడదు. పూర్తయిన వస్తువు అమ్మాలి, కొనేవారి ఇష్టాన్ని అడిగి చేసి అమ్మాలి.

ఇంకొక మాట కూడా దాపరికం లేకుండా చెప్పాలి. ఈ ఒక్క పనితో ఇల్లు గడుస్తుందని నేను చెప్పడం లేదు. అట్లా ఎవరైనా చెప్పి ముందుగా ఫీజు గుంజితే నమ్మవద్దు. “మా దగ్గర కిట్టు కొనండి, మీరు చేసినదంతా మేమే తీసుకుంటాం” అనేవాళ్లు వస్తారు. కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టకపోతే సలాం చెప్పి పంపండి. ఈ పని కుట్టుపనికి తోడు, చదువుకు తోడు. పండగకు పిల్లల బట్టలు, బడి ఫీజులో కొంత, మందుల ఖర్చు, ఆడదాని చేతిలో అడగకుండా ఉండే నాలుగు రూపాయలు. అంత వరకు వస్తే చాలు. మొదటి నెల అమ్మకం గురించి ఆలోచించవద్దు. మొదటి అయిదారు తాళ్లు ఎగుడుదిగుడుగానే వస్తాయి. వాటిని పిల్లల సంచులకు కట్టండి. ఏడో తాడు నుంచి మాట్లాడుకుందాం.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఈ పని చేతికొచ్చింది కదా అని బడి మాన్పించవద్దు. చదువుకున్న పిల్లకే లెక్క తెలుస్తుంది, ఫోనులో బొమ్మ పెట్టి దూరాన ఉన్నవాళ్లకు అమ్మడం తెలుస్తుంది, కాగితం మీద ఏం రాసి ఉందో చదవడం తెలుస్తుంది. చదువు లేని అల్లిక మధ్యవర్తి చేతిలో పడుతుంది.

ఇక సంఘం వారికి నా సూచనలు. పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

మొదటిది, ఆదివారం రోజున రెండు గంటలు ఒక గది ఇప్పించండి. ఎనిమిది ఆదివారాలు చాలు. మొదటి రెండు వారాలు అట్టబిళ్ల, ఏడు దారాలు. తరువాత రెండు వారాలు ఎనిమిది దారాల అల్లిక, రంగుల అమరిక. తరువాత రెండు వారాలు పూసలు, ముగింపు కట్టు. చివరి రెండు వారాలు లెక్కలు, ధర కట్టడం, రసీదు రాయడం. ఈ చివరి రెండు వారాలకు రాని వాళ్లకు నేర్చుకున్నట్టు సర్టిఫికెట్టు ఇవ్వవద్దని నా అభిప్రాయం.

రెండవది, దారం టోకున కొని అసలు ధరకే సభ్యులకు ఇవ్వండి. చిల్లరగా కొంటే ఎక్కువ భాగం దుకాణానికే పోతుంది. ఇప్పటికే డ్వాక్రా సంఘాల్లో ఉన్న అక్కలు ఈ పని ఇంతకంటే బాగా చేయగలరు.

మూడవది, ఒక పుస్తకం పెట్టండి. అందులో ఒకవైపు నమూనా కాగితం, తాడు ముక్క అతికించాలి. రెండోవైపు సరుకు ఖర్చు, పట్టిన గంటలు, అమ్మిన ధర రాయాలి. ఆరు నెలలకు ఆ పుస్తకం తిరగేస్తే ఏది గిట్టింది, ఏది గిట్టలేదు మనకే తెలుస్తుంది. గిట్టని దాన్ని మొహమాటం లేకుండా మానేద్దాం.

నాలుగవది, అక్కాచెల్లెళ్లు ఒకరికొకరు తగ్గించుకుంటూ అమ్మకూడదు. అందరం కూర్చుని ఒక కనీస ధర అనుకుందాం. ఈ వీధిలో 264 అన్నది పక్కవీధిలో 150కి దొరికితే ఇద్దరికీ నష్టమే. ఎనిమిది దారాల్లో ఒక్కటి వదులైనా తాడంతా వంకరపోతుంది కదా, ఇదీ అంతే.

మన పెదకాకానికి ఉరుసుకూ, తిరునాళ్లకూ అన్ని మతాలవారూ వస్తారు. దర్గా దగ్గర, గుడి దగ్గర అంగళ్లలో తాయెత్తు తాళ్లు, చేతి దారాలు, పూసలదండలు ఎన్ని అమ్ముడుపోతున్నాయో మీకే తెలుసు. వాటిలో మన ఊరి ఆడవాళ్ల చేతి అల్లిక ఒక్కటైనా ఉండేట్టు చేద్దాం. పక్కనే విశ్వవిద్యాలయం ఉంది, చదువుకునే ఆడపిల్లలున్నారు, వాళ్లకు చేతిపట్టీలంటే ఇష్టం. సంతను వెతుక్కుంటూ మనం పోనక్కరలేదు. సంతే మన గుమ్మం ముందుకు వస్తుంది. అది వచ్చేసరికి మన దగ్గర మంచి వస్తువూ, సరైన ధరా రెండూ సిద్ధంగా ఉండాలి.

 సభ ముగిసిన తరువాత అటు పక్క బల్ల మీద అట్టబిళ్లలు, రెండు రంగుల దారాలు పెట్టి ఉంచాను. భోజనాలకు ముందు పది నిమిషాలు వచ్చి చేయి పెట్టి చూడండి. పేరు రాసుకునే కాగితం కూడా అక్కడే ఉంది.

ఖుదా హాఫిజ్.